మార్చి నెల పరమాణువు

మా ఆఫీసు పేరు ప్రశ్నోత్తరాల నిర్ధారణ సంచాలక కార్యాలయం. ఊళ్లోవాళ్లు జవాబుల ఆఫీసు అంటారు. పదో తరగతి పరీక్షల్లో ఏ ప్రశ్నకు ఏది జవాబో తేల్చేది మేమే. పిల్లలు రాసేది పిల్లలు రాస్తారు, పుస్తకాల్లో ఉండేది పుస్తకాల్లో ఉంటుంది. జవాబు మాత్రం మా బీరువాలో ఉంటుంది. ఇరవై ఏడేళ్లుగా ఆ బీరువా తాళం చెవి నా మొలతాడుకే వేలాడుతోంది. నేను చదివింది బీకాం. సైన్సు బొత్తిగా రాదు కాబట్టే సైన్సు సెక్షను నాకిచ్చారు. సబ్జెక్టు తెలిసినవాడైతే పక్షపాతం చూపిస్తాడని అప్పటి డైరెక్టరు గారి అభిప్రాయం.

రెండేళ్ల కిందట పైనుంచి కొత్త నిబంధన దిగింది. 'ఒక ప్రశ్న, ఒక జవాబు' అని దానికి పేరు పెట్టారు. అంతకుముందు పేపర్లు దిద్దే మాష్టార్లు ఇదీ కరెక్టే, అదీ కరెక్టే అంటూ దయతలిచి మార్కులు వేసేవాళ్లట. అందువల్ల విద్యార్థుల్లో ఆలోచించే అలవాటు ప్రబలుతోందని ఒక సర్వేలో బయటపడింది. ఇక మీదట ప్రతి ప్రశ్నకూ ఒక్క జవాబే ఉండాలి, దానికి ఒక ఉత్తర్వు ఉండాలి, ఉత్తర్వు లేని జవాబు ఎంత నిజమైనా తప్పే. ఈ సందర్భంగా పిల్లల చేత ఊరేగింపు తీయించాం, మానవహారం కట్టించాం. నేనూ ఎండలో అరగంట ఎవరో హెడ్మాష్టరు చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

జూన్ నాలుగో తేదీన హుసేన్ పీరా అనే మనిషి అర్జీ పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. పాతబస్తీలో బొరుగుల బట్టీ నడుపుతాడట. చొక్కా నిండా ఊక, చంకలో బొరుగుల పొట్లం. పక్కన కూతురు మాబున్ని. ఆ పిల్ల చేతిలో తన జవాబు పత్రం నకలు ఉంది.

"సార్, సైన్సులో నాలుగు మార్కుల ప్రశ్నకి మా పాపకి సున్నా ఏసినారు" అన్నాడు హుసేన్ పీరా. "ఆ నాలుగు పడింటే గురుకులం కాలేజీలో సీటొస్తాండె. హాస్టలు, కూడు, పుస్తకాలు అన్నీ వాళ్లే చూసుకుంటారంట. జూన్ ఇరవై ఐదుకి లిస్టు మూసేస్తారంట సార్."

"రాకపోతే?"

"రాకపోతే ఏముంది సార్, నాకు సాయంగా బట్టీకాడ కూచుంటాది. వాళ్లక్క అట్లనే కూచునింది" అని కూతురి వైపు చూడకుండా చెప్పాడు.

నకలు తీసుకుని చూశాను. ప్రశ్న: 'పరమాణువు ఆకృతిని వర్ణింపుము.' ఆ పిల్ల ఇలా రాసింది: 'పరమాణువు మధ్యలో చాలా చిన్న కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ ఎలక్ట్రాన్లు మేఘంలా పరుచుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని కచ్చితంగా చెప్పలేము. ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో మాత్రమే చెప్పగలము.' కింద పెన్సిలుతో చుక్కలు చుక్కలుగా బొమ్మ కూడా వేసింది. బొమ్మ మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా ఉంది.

బీరువా తెరిచాను. అడుగు అరలో 1958 నాటి ఉత్తర్వు దొరికింది. 'పరమాణువనగా డాల్టను దొరవారి సిద్ధాంతము ననుసరించి మిక్కిలి గట్టిదియు, గుండ్రనిదియు, విభజింప వీలులేనిదియు నగు కణము.' కింద సంతకం, గుండ్రటి స్టాంపు. తీసుకెళ్లి మా సూపరింటెండెంటు విరూపాక్షయ్య గారికి చూపించాను. ఆయన కళ్లజోడు ముక్కు మీదకు జార్చి చదివాడు.

"దీన్ని రద్దు చేసినారా?"

"లేదండి."

"సవరణ ఏమన్నా?"

"లేదండి."

"అయితే పరమాణువు గట్టిదే. పోయి రాప్పా" అన్నాడు హుసేన్ పీరాతో.

అప్పటిదాకా నోరు విప్పని పిల్ల మెల్లగా అంది. "గట్టిది కాదు సార్. దాన్ని ఎప్పుడో పగలగొట్టినారు కదా."

విరూపాక్షయ్య గారు ఉలిక్కిపడ్డాడు. "పగలగొట్టినారా? విభజింప వీలులేదని ఉత్తర్వు ఉండగా? ఎవరు?"

"సైంటిస్టులు సార్."

"ఎవరి పర్మిషన్‌తో?"

విరూపాక్షయ్య గారు వెంటనే నన్ను కొత్త ఫైలు తెరవమన్నాడు. ఫైలు తెరిచింది మాబున్ని మార్కుల కోసం అనుకునేరు. పరమాణువును అనుమతి లేకుండా విభజించిన గుర్తు తెలియని వ్యక్తుల మీద.

మర్నాడే డైరెక్టరు వామనమూర్తి గారి గదిలో విచారణ. నిపుణుడిగా సుదర్శనం మాష్టారిని పిలిపించాం. ఆయన నలభై ఏళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. తండ్రీ కూతుళ్లు తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు.

మాష్టారు మొదటి నుంచీ వివరించాడు. డాల్టన్ పరమాణువు గట్టి గోళం అన్నాడు. తర్వాత థామ్సన్ అనే ఆయన 1897లో అందులోంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగాడు. పరమాణువు పుచ్చకాయ లాంటిదనీ ఎలక్ట్రాన్లు గింజల్లా అందులో ఇరుక్కుని ఉంటాయనీ చెప్పాడు. ఆయన శిష్యుడు రూథర్‌ఫర్డ్ బంగారు రేకు మీద కణాలు కొట్టి చూసి, అది కాదు, బరువంతా మధ్యలో ఉన్న కేంద్రకంలోనే ఉందన్నాడు. ఆయన దగ్గర పనిచేసిన బోర్ ఎలక్ట్రాన్లకు కక్ష్యలు గీశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కక్ష్యలు చెరిపేసి మేఘం తెచ్చారు.

"ఆగండి" అన్నాడు డైరెక్టరు గారు. "మన ఉత్తర్వు 1958లో వచ్చింది. వీళ్లు 1897లోనే ఉల్లంఘించారా? ఉత్తర్వు రావడానికి అరవై ఏళ్ల ముందే! ఎంత దురుద్దేశం!"

"పైగా శిష్యుడు గురువును కాదన్నాడంట సార్" అని విరూపాక్షయ్య గారు అందించాడు.

"ఆ ఉత్తర్వు రాసే నాటికే అది తప్పు సార్" అన్నాడు సుదర్శనం మాష్టారు. "ఈ పాప రాసింది ఇప్పటి లెక్క ప్రకారం కరెక్టు. నాలుగు మార్కులు ఏసేయండి, అయిపోతుంది."

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. అలా మూసుకుంటే ఆయన సమగ్రంగా ఆలోచిస్తున్నట్టు. "ప్రస్తుతం మన కార్యాలయంలో పరమాణువు డాల్టన్ హోదాలో ఉంది. దానిని అమాంతం మేఘం హోదాకు పంపితే మధ్యలో ఉన్న ముగ్గురి సీనియారిటీ ఏం కావాలి? వాళ్లు కోర్టుకు వెళితే?"

"వాళ్లు పోయి చానా ఏండ్లయింది సార్" అన్నాడు మాష్టారు.

"వారసులుంటారు" అన్నాడు డైరెక్టరు గారు. "కావున సదరు పరమాణువును వరుస క్రమంలో, దశలవారీగా, క్షేత్ర పరిశీలన జరిపిన మీదట మాత్రమే ఉన్నతీకరించాలని నిర్ణయిస్తున్నాను. నిబంధనల ప్రకారం ఒక్కో హోదాలో రెండేళ్లు ఉండాలి. బాలిక పరిస్థితి దృష్ట్యా, మానవతా దృక్పథంతో నాలుగేసి రోజులకు కుదిస్తున్నాను."

హుసేన్ పీరా లేచి రెండు చేతులూ జోడించాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. గడువు లోపలే అయిపోతుంది. నాకూ సంతోషం వేసింది, దాచుకోను. ఆ పిల్ల చేతిరాత నాకు నచ్చింది.

మొదట సీనియారిటీ జాబితా తయారు చెయ్యాలి. అక్కడే ఒక చిక్కు. డాల్టన్ కంటే ముందే మన కణాదుడు పరమాణువు సంగతి చెప్పాడు కదా, ఆయన పేరు పైన ఉండాలని విరూపాక్షయ్య గారు పట్టుబట్టాడు. న్యాయమైన మాటే గానీ కణాదుడి పుట్టిన తేదీ ధ్రువపత్రం దొరకలేదు. మరి గ్రీకు దేశంలో డెమోక్రిటస్ అనే ఆయన కూడా చెప్పాడని మాష్టారు గుర్తుచేశాడు. ఆయన స్థానికేతరుడని పక్కన పెట్టాం. డాల్టన్ మాత్రం స్థానికుడా అని మాష్టారు అడిగాడు. డాల్టన్ పేరు ఉత్తర్వులోనే ఉంది కాబట్టి ఆయన రెగ్యులరైజ్ అయినట్టే అని విరూపాక్షయ్య గారు చెప్పాడు. దీనికి రెండు రోజులు పట్టింది.

ఎనిమిదో తేదీన పుచ్చకాయ దశ. సీజను అయిపోయినా అటెండరు ఎక్కడో వెతికి రెండు కాయలు తెచ్చాడు. ఐదుగురు సభ్యుల కమిటీ ఎదుట కోశాం. నివేదిక నేనే రాశాను: 'పండు ఎర్రగా నున్నది. గింజలు అక్కడక్కడ ఇరుక్కొని యున్నవి. కొన్ని సభ్యుల నోటిలోనికి పోయినందున సంఖ్య తేలలేదు. గింజలు తీసివేసినను పండు పండుగానే యున్నందున పరమాణువు విభజనకు కమిటీ ఏకగ్రీవముగా ఆమోదము తెలిపినది.' రెండో కాయ అదనపు నిర్ధారణకని డైరెక్టరు గారి ఇంటికి పంపాం.

పన్నెండో తేదీన రూథర్‌ఫర్డ్ దశ. బంగారు రేకు తేవాలంటే ఆడిట్‌వాళ్లు ఒప్పుకోరు. మిఠాయి కొట్లో బర్ఫీ మీద అతికించే వెండి రేకు తెచ్చి రెండు పెన్సిళ్ల మధ్య వేలాడదీశాం. కణాలు ఎక్కడ అని డైరెక్టరు గారు అడిగితే హుసేన్ పీరా పొట్లం విప్పాడు. అటెండరు గుప్పెడు బొరుగులు తీసి బలంగా విసిరాడు. అన్నీ రేకును చించుకుని అవతలికి పోయాయి. ఒక్కటి మాత్రం ఫ్యాను గాలికి వెనక్కి వచ్చి డైరెక్టరు గారి నుదుటికి తగిలింది. "వచ్చింది!" అని ఆయన చిన్నపిల్లాడిలా అరిచాడు. సుదర్శనం మాష్టారు తల పట్టుకున్నాడు గానీ ప్రయోగం సఫలమని అప్పటికే రాసేశాను.

"అంటే సార్, పరేడ్ గ్రౌండంత పరమాణువు ఉందనుకుంటే కేంద్రకం ఆవగింజంత. తక్కినదంతా ఖాళీయే" అని మాష్టారు విసుగ్గా చెప్పాడు.

డైరెక్టరు గారి మొహం మారిపోయింది. "అంత ఖాళీ స్థలమా? ఎవరి అధీనంలో ఉంది? కంచె ఉందా?"

ఖాళీ స్థలం రెవెన్యూవాళ్ల పరిధిలోకి వస్తుందని విరూపాక్షయ్య గారు గుర్తుచేశాడు. తహసీల్దారుకు లేఖ రాశాం. మూడు రోజులకు జవాబు వచ్చింది: 'సదరు ఖాళీ స్థలము యొక్క సర్వే నంబరు తెలియజేసినచో పోరంబోకు అవునో కాదో చెప్పగలము.' అప్పటికి పదహారో తేదీ. హుసేన్ పీరా రోజూ పొద్దున బట్టీ ఆర్పేసి వచ్చి మా వరండాలో కూర్చుంటున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. 'పరమాణువు లోపల ఎట్టి ఆక్రమణలు లేవని స్వయముగా పరిశీలించి ధ్రువీకరించడమైనది' అని నేనే సంతకం పెట్టేశాను. నా సర్వీసులో నేను చేసిన మొదటి సాహసం అది. విరూపాక్షయ్య గారు చదివి, నా వైపు చూసి, ముందుకు పంపాడు.

బోర్ దశ మరీ ఇబ్బంది పెట్టింది. ఎలక్ట్రాన్ ఒక కక్ష్యలోంచి ఇంకో కక్ష్యలోకి దూకుతుందని మాష్టారు చెప్పాడు.

"బదిలీ అన్నమాట" అన్నాడు డైరెక్టరు గారు. "మరి ప్రయాణ సమయం ఎంత?"

"మధ్యలో ప్రయాణం అంటూ ఏముండదు సార్. ఇక్కడుంటాది, లేకపోతే అక్కడుంటాది. నడుమ ఎక్కడా ఉండదు."

"ఇక్కడ రిలీవ్ కాకుండా అక్కడ జాయినవుతుందా?"

"అట్లే అనుకోండి."

"రిలీవింగ్ ఆర్డరు లేకుండా ఎట్ల చేర్చుకుంటారప్పా?" అని విరూపాక్షయ్య గారు నిజంగానే బాధపడ్డాడు. ఆయనను పదేళ్ల కిందట బదిలీ చేసినప్పుడు ఆ ఆర్డరు రాక రెండు నెలలు ఏ ఆఫీసుకీ చెందకుండా బస్టాండులో తిరిగాడు. చివరికి ఎలక్ట్రాన్ దూకిన క్షణాన్ని ఆకస్మిక సెలవుగా పరిగణించేటట్టు మధ్యేమార్గం కుదిరింది. అది ఇరవయ్యో తేదీ.

మేఘం దశ దగ్గర గొడవ తప్పదని భయపడ్డాం. ఎలక్ట్రాన్ ఏ సమయంలో ఎక్కడుందో ఎవరూ చెప్పలేరనీ, ఉండే అవకాశం ఉన్న చోటు మాత్రమే చెప్పగలరనీ మాష్టారు బెదురుతూ బెదురుతూ వివరించాడు. డైరెక్టరు గారు విరూపాక్షయ్య గారి వైపు చూశాడు. విరూపాక్షయ్య గారు నా వైపు చూశాడు. పక్క సెక్షన్లో పన్నెండు కుర్చీలు ఉన్నాయి. ఏడు కుర్చీల మీద మనుషులకు బదులు తువ్వాళ్లున్నాయి. ఆ తువ్వాళ్ల తాలూకు వాళ్లు క్యాంటీన్లో ఉండే అవకాశం ఎక్కువ, అంతకు మించి చెప్పలేం.

"ఇందులో కొత్తేముంది?" అన్నాడు డైరెక్టరు గారు. "ఆమోదించడమైనది."

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నానికి 1958 ఉత్తర్వు రద్దయింది. పరమాణువు మేఘమైంది. కొత్త ఉత్తర్వు ముసాయిదా నేను రాశాను. మాబున్ని జవాబులోని వాక్యాలే తీసుకుని 'ఉంటుంది' అన్న చోటల్లా 'ఉండును' అని పెట్టాను. అంతకంటే చక్కగా రాయడం నాకు చేతకాలేదు. వరండాలోకి వెళ్లి, "అయిపోయిందప్పా, మీ పాప గెలిచింది" అని చెప్పేశాను. హుసేన్ పీరా పొట్లంలో మిగిలిన బొరుగులన్నీ నా దోసిట్లో పోశాడు. ఆ పిల్ల నవ్వడం మొదటిసారి చూశాను.

మర్నాడు ఉదయం డైరెక్టరు గారు అందరినీ పిలిచాడు. ఉత్తర్వు ఆయన ముందుంది. చివరి వాక్యం కింద ఆకుపచ్చ సిరాతో గీత గీసి ఉంది.

"ఇది ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది?" అని అడిగాడు.

"నిన్నటి నుంచి సార్" అన్నాడు విరూపాక్షయ్య గారు.

"పరీక్ష ఎప్పుడు జరిగింది?"

"మార్చిలో."

"అయితే మార్చిలో పరమాణువు గట్టిదే" అన్నాడు డైరెక్టరు గారు.

నేనే నోరు తెరిచాను. "మార్చి ఒకటి నుంచి వర్తించేటట్టు ఒక్క ముక్క చేర్చుకుందామండి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఆలోచించే అన్నావా? ఈ పరీక్ష నలభై ఒక్క వేల మంది రాశారు. ఈ బాలిక తప్ప అందరూ గట్టి గోళమనే రాశారు, నాలుగుకు నాలుగు తెచ్చుకున్నారు. ఒక ప్రశ్నకు ఒక్కటే జవాబు. మార్చి నుంచి మేఘం అంటే ఆ నలభై ఒక్క వేల మందివీ తప్పయిపోతాయి. ఒక పిల్లను రైటు చేయడం కోసం అంతమందిని తప్పు చేయగలమా?"

"మరి మా పాప చేసిన తప్పేంది సార్?" అన్నాడు హుసేన్ పీరా. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"తప్పేం లేదయ్యా" అన్నాడు విరూపాక్షయ్య గారు. "మూడు నెలలు ముందుగా రైటు రాసింది, అంతే."

సుదర్శనం మాష్టారు కుర్చీలోంచి లేచి, "ఒక్కతే నిజం రాసింది సార్ ఆ పాప, నలభై ఒక్క వేల మందిలో ఒక్కతే! దానికన్నా విలువ లేదా?" అని అరిచాడు.

డైరెక్టరు గారికి కాస్త మనసు కరిగినట్టుంది. మాబున్నిని దగ్గరికి పిలిచాడు. "అమ్మా, అందరికీ తెలియనిది నీకొక్కదానికే తెలిసినందుకు కార్యాలయం తరఫున నిన్ను అభినందిస్తున్నాను. ప్రశంసాపత్రం ఇప్పిస్తాను."

"వాళ్లకందరికీ తెలుసు సార్" అంది ఆ పిల్ల.

"ఏమిటి?"

"మేఘం సంగతి అందరికీ తెలుసు సార్. మా సారు క్లాసులో బోర్డు మీద చుక్కలు పెట్టి మూడు రోజులు చెప్పినాడు. అన్ని బడుల్లోనూ చెప్పినారంట. చెప్పి, పరీక్షలో మాత్రం గట్టి గోళమని రాయండి, అప్పుడే మార్కులు పడతాయి అని పదిసార్లు చెప్పినాడు. అందరూ గుర్తు పెట్టుకున్నారు. నేనే రాసేటప్పుడు ఆ బొమ్మ గుర్తుకొచ్చి, సారు చెప్పిన మాట మర్చిపోయినా."

అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులూ ఏడవని పిల్ల. హుసేన్ పీరా దాని తల మీద చెయ్యి వేసి, "పద బుజ్జీ, బట్టీ ముట్టించల్ల" అన్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. సుదర్శనం మాష్టారు కూడా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

నాకు సిగ్గేసింది. ఇరవై ఏడేళ్లలో ఎన్నో ముసాయిదాలు రాశాను, ఎన్నడూ చెయ్యి ఆగలేదు. ఆ రోజు ఆగింది. డైరెక్టరు గారు గోడ గడియారం చూసి, ఊఁ, రాయవయ్యా అన్నాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. 'అభ్యర్థిని తన మతిమరుపును అధికారుల సమక్షమున స్వయముగా అంగీకరించినందున, ఈ ఫైలు ఇంతటితో మూసివేయడమైనది.'